పెద్ద సంఖ్యల లక్షణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిది అంకెలో ఇరవై అంకెలో ఉన్న సంఖ్య ఎదురైనప్పుడు పుట్టే సందేహాలు అందరికీ దాదాపు ఒకటే. అడిగినవారందరికీ అవే జవాబులు మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తోంది కాబట్టి ఒకచోట చేర్చాను. ఉదాహరణగా ఎక్కువచోట్ల 12,34,56,789ని తీసుకున్నాను. పైకి ఇంత పద్ధతిగా కనిపించే ఈ సంఖ్య లోపల ఎంత వేరుగా ఉంటుందో చూడటం సరదాగా ఉంటుంది. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## మొదటి చూపులో

సంఖ్య పెద్దదైతే దానికి భాజకాలు కూడా ఎక్కువే ఉంటాయి కదా?

ఉండాలని లేదు. 7,35,13,440కి 768 భాజకాలున్నాయి. దానికంటే పెద్దదైన 12,34,56,789కి ఉన్నవి 12 మాత్రమే. మొదటిది 2, 3, 5, 7, 11, 13, 17 అనే చిన్న ప్రధాన సంఖ్యల గుణకారంతో ఏర్పడింది. రెండోదానిలో రెండు 3లు పోతే మిగిలేవి 3607, 3803 అనే రెండు పెద్ద ప్రధాన సంఖ్యలే. ప్రధాన సంఖ్య అయితే ఎన్ని కోట్ల అంకెలున్నా దాని భాజకాలు రెండే. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలున్న సంఖ్యల మీద శ్రీనివాస రామానుజన్ 1915లో సుదీర్ఘమైన పత్రం ప్రచురించారు. 7,35,13,440 ఆ కోవలోదే.

అంకెలన్నీ కూడితే చివరికి 9 వచ్చింది. ఇది విశేషమైన సంఖ్యా?

ఆ సంఖ్య 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. అంతకు మించి అందులో విశేషం లేదు. 10, 100, 1000 వంటివాటిని 9తో భాగిస్తే ప్రతిసారీ 1 మిగులుతుంది కాబట్టి, సంఖ్యను భాగించినా దాని అంకెల మొత్తాన్ని భాగించినా అదే శేషం వస్తుంది. తొమ్మిదింట ఒక సంఖ్యకు ఈ గుణం ఉంటుంది. దీన్ని చూసి జాతకాలు చెప్పేవారి సంగతి గణితానికి సంబంధించినది కాదు. ఇందులోంచి తేలే ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. 1 నుంచి 9 వరకు అంకెలను ఒక్కొక్కసారి వాడి 3,62,880 సంఖ్యలు రాయవచ్చు. ప్రతిదాని అంకెల మొత్తమూ 45 కాబట్టి వాటిలో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాలేదు.

అంకెలు వరుసలో ఉండటం గణిత లక్షణం కిందికి వస్తుందా?

అది సంఖ్య గుణం కాదు, మనం దాన్ని రాసే తీరు గుణం. 12,34,56,789ని రెండు ఆధారంగా, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే 111010110111100110100010101 అవుతుంది. మొత్తం 27 అంకెలు, వాటిలో పదహారు 1లు. వరుస మాయమైంది, అంకెల మొత్తం 45 నుంచి 16కు మారిపోయింది. కానీ ఏ ఆధారంలో రాసినా ఆ సంఖ్య బేసిగానే ఉంటుంది, 3607తో భాగించబడుతూనే ఉంటుంది. ఏదైనా లక్షణం కనిపించినప్పుడు అది ఆధారం మార్చినా నిలుస్తుందా అని అడిగి చూడండి. నిలవకపోతే అది వినోదానికి పనికొస్తుంది, సిద్ధాంతానికి అంతగా పనికిరాదు.

వర్గమూలం తీయకుండానే ఇది పరిపూర్ణ వర్గం కాదని చెప్పగలమా?

చాలాసార్లు చెప్పగలం. పరిపూర్ణ వర్గం 2, 3, 7, 8 అంకెలతో ముగియదు. ఈ జల్లెడ దాటినవాటికి రెండోది: బేసి సంఖ్య వర్గాన్ని 8తో భాగిస్తే శేషం ఎప్పుడూ 1. 12,34,56,789 చివర 9 ఉంది కాబట్టి మొదటి పరీక్షలో దొరకదు. 8తో భాగించినప్పటి శేషానికి చివరి మూడంకెలు చూస్తే చాలు. 789ని 8తో భాగిస్తే 5 మిగులుతుంది. కాబట్టి ఇది వర్గం కాదు. రెండు పరీక్షలూ నెగ్గినంత మాత్రాన వర్గమైపోదు. 41 రెండింటినీ దాటుతుంది.

## భాగించి చూసేటప్పుడు

7, 11, 13తో భాగించబడుతుందో లేదో ఒకేసారి చూసే దారి ఉందా?

ఉంది. 7 × 11 × 13 = 1001 అన్నదే దాని కీలకం. సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీసి, ఒకదాన్ని కలుపుతూ మరొకదాన్ని తీసివేస్తూ పోవాలి. 12,34,56,789కి 789 − 456 + 123 = 456. ఇక ఈ మూడంకెల సంఖ్యతోనే పని. 456ను 7తో భాగిస్తే 1, 11తో భాగిస్తే 5, 13తో భాగిస్తే 1 మిగులుతాయి. అసలు సంఖ్యకూ అవే శేషాలు, అంటే మూడింటిలో ఏదీ భాజకం కాదు.

ఒక జాగ్రత్త: లక్షలు, కోట్లుగా పెట్టిన కామాల ప్రకారం విడదీస్తే లెక్క పాడవుతుంది. ముందు కామాలన్నీ తీసేసి, తర్వాత మూడేసి అంకెలు లెక్కపెట్టుకోండి. ఈ సూత్రం పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం కామాలే.

అంకెలను ఒకటి కలుపుతూ మరొకటి తీసివేస్తూ పోయే 11 సూత్రంలో ఎడమ నుంచి మొదలుపెట్టాలా, కుడి నుంచా?

భాగించబడుతుందా లేదా అన్నంతవరకే కావాలంటే ఎటు నుంచైనా సరే. శేషం కూడా కావాలంటే కుడి నుంచే. 1234కు కుడి నుంచి 4 − 3 + 2 − 1 = 2, ఇదే సరైన శేషం. ఎడమ నుంచి చేస్తే −2 వస్తుంది.

రెండు పెద్ద సంఖ్యల గ.సా.భా. కావాలంటే ముందు రెండింటినీ కారణాంకాలుగా విడగొట్టాలా?

అవసరం లేదు. పెద్ద సంఖ్యల విషయంలో ఆ దారి పట్టకపోవడమే మంచిది. యూక్లిడ్ పద్ధతిలో పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, శేషంతో చిన్నదాన్ని భాగిస్తూ పోతే చాలు. 98,76,54,321ని 12,34,56,789తో భాగించండి. భాగఫలం 8, శేషం 9. ఆ 9 చిన్న సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి గ.సా.భా. 9. ఒక్క భాగహారంతో పని అయిపోయింది. వందల అంకెలున్న సంఖ్యలకు కూడా ఈ పద్ధతి కంప్యూటర్‌లో క్షణంలో ముగుస్తుంది. వాటి కారణాంకాలు కనుక్కోవడమంటే ఏళ్లు పట్టవచ్చు.

ఘాతంలో ఇంత పెద్ద సంఖ్య ఉంటే చివరి అంకె ఎలా చెబుతారు?

చివరి అంకెలు చక్రంలా తిరిగి వస్తాయి. 7 ఘాతాల చివరి అంకెలు 7, 9, 3, 1, మళ్లీ 7. చక్రం పొడవు నాలుగు. ఘాతం 12,34,56,789 అయితే దాన్ని 4తో భాగించినప్పుడు 1 మిగులుతుంది (చివరి 89 చూస్తే చాలు), కాబట్టి చివరి అంకె 7. 7 నాలుగో ఘాతం 2401, అంటే చివర 01. అందువల్ల చివరి రెండంకెలు కూడా వెంటనే చెప్పవచ్చు: 07.

## కారణాంకాల వేటలో

ఎంతవరకు భాగించి చూస్తే సరిపోతుంది?

వర్గమూలం వరకు, అదీ ప్రధాన సంఖ్యలతో మాత్రమే. వర్గమూలానికి పైన ఒక కారణాంకం ఉంటే దాని జోడీ తప్పకుండా కింద ఉంటుంది. 11111 వర్గం 12,34,54,321, 11112 వర్గం 12,34,76,544. కాబట్టి 12,34,56,789కి హద్దు 11111. అయితే ఒక కారణాంకం దొరికిన ప్రతిసారీ హద్దు తగ్గుతుందని చాలామంది మరచిపోతారు. 9 తీసేశాక మిగిలేది 1,37,17,421, దాని వర్గమూలం 3703కు కొద్దిగా పైన. అక్కడి నుంచి 11111 దాకా వెళ్లడం వృథా శ్రమ.

చిన్న ప్రధాన సంఖ్యలేవీ భాగించలేదు. ఇప్పుడు ఏమి చేయాలి?

భాగించడం ఆపి, వర్గాల తేడాగా రాయగలరేమో చూడండి. ఇది ఫెర్మా పద్ధతి. బేసి సంఖ్యను a² − b² గా రాయగలిగితే అది (a − b)(a + b) కదా. 12,34,56,789 నుంచి 9 తీసేస్తే వచ్చే 1,37,17,421తో చేసి చూద్దాం.

వర్గమూలానికి పైనున్న మొదటి పూర్ణ సంఖ్య 3704. దాని వర్గం 1,37,19,616. అందులోంచి మన సంఖ్యను తీసేస్తే 2195. ఇది వర్గం కాదు, 46 వర్గం 2116, 47 వర్గం 2209. తర్వాత 3705. దాని వర్గం 1,37,27,025, తేడా 9604. ఇది 98 వర్గం! అంటే కారణాంకాలు 3705 − 98 = 3607, 3705 + 98 = 3803.

రెండో ప్రయత్నంలోనే దొరికింది. అదే ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించుకుంటూ వెళ్లి ఉంటే 3607 దగ్గరికి చేరేసరికి 504వ ప్రధాన సంఖ్య వరకు వెళ్లాల్సి వచ్చేది. కాగితం మీద చేసేవారికి ఈ తేడా ఒక పూటంత.

ఫెర్మా 1643 ప్రాంతంలో ఒక ఉత్తరంలో ఇదే పద్ధతితో 2,02,76,51,281ని 44021 × 46061గా విడగొట్టి చూపారు. అక్కడ 45030 నుంచి మొదలుపెట్టి 45041 వరకు వెళ్లాలి, పన్నెండు అడుగులు.

ఫెర్మా పద్ధతి ఎప్పుడూ అంత వేగంగా ఉంటుందా?

రెండు కారణాంకాలూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడే. దూరంగా ఉంటే దీనికంటే మందకొడి పద్ధతి దొరకదు. 4,29,49,67,297 = 641 × 67,00,417. దీనికి 65537 నుంచి మొదలుపెట్టి 33,50,529 వరకు వెళ్లాలి, అంటే 32,84,993 అడుగులు. మామూలుగా భాగించుకుంటూ పోతే 116వ ప్రధాన సంఖ్య దగ్గరే 641 తగులుతుంది.

ఈ సంఖ్య ప్రధానమని ఫెర్మా నమ్మారు. కాదని 1732లో ఆయిలర్ చూపించారు. దీని కారణాంకాలను 64తో భాగిస్తే 1 మిగలాలన్నది ఆయిలర్ నిరూపించిన నియమం. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదోదే జవాబు. సంఖ్య ఎలా ఏర్పడిందో తెలిస్తే వెతకాల్సిన చోటు ఎంతగా తగ్గిపోతుందో ఇక్కడ కనిపిస్తుంది. అందుకే నేను ముందు చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించి, తర్వాత కాసేపు ఫెర్మా పద్ధతి ప్రయత్నించమని చెబుతాను.

ఇద్దరం వేర్వేరుగా విడగొట్టాం, జవాబులు వేరుగా వచ్చాయి. ఎవరిది సరైనది?

బహుశా ఇద్దరిదీ సగంలో ఆగి ఉంటుంది. 12,34,56,789ని 10821 × 11409 అని రాయవచ్చు, 9 × 1,37,17,421 అనీ రాయవచ్చు. రెండూ సరైనవే. చివరిదాకా వెళితే ఇద్దరికీ 3 × 3 × 3607 × 3803 వస్తుంది. ప్రధాన కారణాంకాల స్థాయిలో వరుస మారడం తప్ప మరో తేడా రాదు.

## కారణాంకాలు దొరికిన తర్వాత

భాజకాల సంఖ్య, వాటి మొత్తం జాబితా రాయకుండా ఎలా వస్తాయి?

ప్రతి ప్రధాన కారణాంకం ఘాతానికి 1 కలిపి అన్నీ గుణిస్తే భాజకాల సంఖ్య వస్తుంది. 12,34,56,789 = 3² × 3607 × 3803 కాబట్టి 3 × 2 × 2 = 12. మొత్తానికి (1 + 3 + 9) × (1 + 3607) × (1 + 3803), అంటే 13 × 3608 × 3804 = 17,84,22,816. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 5,49,66,027. ఇది అసలు సంఖ్యకు సగం కూడా లేదు. సమానమైతే పరిపూర్ణ సంఖ్య అంటారు, 6, 28 లాగా. బేసి పరిపూర్ణ సంఖ్య ఒకటైనా ఉందా అన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

ఆయిలర్ ఫై విలువ అంటే ఏమిటి, ఎలా కట్టాలి?

ఇచ్చిన సంఖ్యకంటే చిన్నవై, దానితో 1 తప్ప మరే ఉమ్మడి భాజకం లేని సంఖ్యలు ఎన్ని ఉన్నాయో చెప్పేదే ఫై. 12,34,56,789 = 3² × 3607 × 3803 కాబట్టి 9కి 6, మిగతా రెండు ప్రధాన సంఖ్యలకు ఒక్కొక్కటి తగ్గించి 3606, 3802. గుణిస్తే 8,22,60,072.

4తో భాగిస్తే 1 మిగిలింది. అయితే రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు కదా?

ఆ నియమం ప్రధాన సంఖ్యలకే. సంయుక్త సంఖ్యకు దాన్ని నేరుగా అన్వయిస్తే తప్పు జవాబు వస్తుంది. 12,34,56,789ని 4తో భాగిస్తే 1 మిగిలే మాట నిజమే. కానీ దాని కారణాంకాలైన 3607, 3803లను 4తో భాగిస్తే రెండింటికీ 3 మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్య ఏదైనా బేసి ఘాతంలో ఉంటే రెండు వర్గాల మొత్తంగా రాయడం అసాధ్యం. రెండు 3 శేషాలు గుణించుకుని 9 అయి, 4తో భాగించినప్పుడు 1గా కనిపించాయి, అంతే.

మూడు వర్గాల మొత్తంగా మాత్రం రాయవచ్చు. 8తో భాగిస్తే 7 మిగిలే సంఖ్యలకు, వాటిని 4తో ఎన్నిసార్లయినా గుణిస్తే వచ్చేవాటికి మాత్రమే అది కుదరదు. మన సంఖ్యకు మిగిలేది 5. నాలుగు వర్గాలతో అయితే ప్రతి సంఖ్యనూ రాయవచ్చని 1770లో లగ్రాంజ్ నిరూపించారు.

## ప్రధానమా, కాదా?

కారణాంకం ఒక్కటి కూడా చూపకుండా ఇది ప్రధానం కాదని ఎలా అంటారు?

ప్రధాన సంఖ్య p ఏదైనా, p భాగించని aని (దీన్ని ఇక్కడ ఆధారం అంటారు) (p − 1) ఘాతానికి పెంచి pతో భాగిస్తే శేషం 1 రావాలి. ఇది ఫెర్మా చిన్న సిద్ధాంతం. మీ సంఖ్యకు 1 కాక మరొకటి వస్తే అది ప్రధానం కాదు. ఎక్కడ విరుగుతుందో తెలియదు, విరుగుతుందని మాత్రం ఖాయం.

చరిత్రలో దీనికి దగ్గరి ఉదాహరణ 2⁶⁷ − 1, అంటే 14,75,73,95,25,89,67,64,12,927. వేరే పరీక్షతో ఇది ప్రధానం కాదని 1876లోనే ఫ్రెంచ్ గణితవేత్త లూకా తేల్చారు. కారణాంకాలు మాత్రం దొరకలేదు. 1903 అక్టోబరులో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని చూపించారు: 19,37,07,721 × 7,61,83,82,57,287. రెండు సంఘటనల మధ్య 27 ఏళ్లు.

ఫెర్మా పరీక్షలో 1 వచ్చింది. ఇక ప్రధానమని రాసేయవచ్చా?

రాయకండి. 341 చూడండి. 2 పదో ఘాతం 1024 = 3 × 341 + 1, కాబట్టి శేషం 1. అందువల్ల 340వ ఘాతానికీ శేషం 1 వస్తుంది. కానీ 341 = 11 × 31. ఆధారాన్ని 3కు మారిస్తే శేషం 56 వచ్చి బండారం బయటపడుతుంది. 561 = 3 × 11 × 17 ఇంకా గడుసుది. దానితో ఉమ్మడి భాజకం లేని ఏ ఆధారం తీసుకున్నా 1 వస్తుంది. ఇలాంటివాటిని కార్‌మైకేల్ సంఖ్యలు అంటారు. ఇవి అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపణ అయింది.

అయితే పూర్తిగా నమ్మదగ్గ పరీక్ష ఏది?

రోజువారీ పనికి మిల్లర్–రాబిన్ పరీక్ష. యాదృచ్ఛికంగా ఎంచిన ఒక్కో ఆధారానికి సంయుక్త సంఖ్య తప్పించుకునే అవకాశం నాలుగింట ఒకటికి మించదు. ఇరవై ఆధారాలతో చూస్తే అది లక్ష కోట్లలో ఒకటికంటే తక్కువ. 3,21,50,31,751 లోపు సంఖ్యలకైతే 2, 3, 5, 7 అనే నాలుగు ఆధారాలతోనే జవాబు కచ్చితం, అదృష్టంతో పని లేదు.

ఎంత పెద్ద సంఖ్యకైనా సందేహం లేకుండా, అంకెల సంఖ్యతో పోలిస్తే పరిమితమైన సమయంలో తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీకి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు. సిద్ధాంతపరంగా గొప్ప ఫలితం. ఆచరణలో మాత్రం ఇతర పద్ధతులే వేగంగా ఉంటాయి.

ఇంత పెద్ద సంఖ్యల మధ్య ప్రధాన సంఖ్యలు అరుదుగా ఉంటాయా?

అనుకున్నంత అరుదు కాదు. సంఖ్య సహజ సంవర్గమానం ఎంతో, సుమారుగా అన్నింటిలో ఒకటి ప్రధానం. 12,34,56,789కి ఆ విలువ దాదాపు 18.6. సరి సంఖ్యలు వదిలేస్తే తొమ్మిది బేసి సంఖ్యలకు ఒకటి చొప్పున తగులుతుంది. ఇది సగటు మాత్రమే, విడివిడి దూరాలు బాగా మారుతుంటాయి.

ఇప్పటివరకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఏది?

2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. అందులో 4,10,24,320 అంకెలున్నాయి.

ప్రధానమో కాదో ఇంత తేలికగా తెలిస్తే, ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేతాలు భద్రమెలా అవుతాయి?

ప్రధానం కాదని తెలియడం వేరు, కారణాంకాలు దొరకడం వేరు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని బయటపెట్టి, ఆ రెండింటినీ దాచి ఉంచే ఆర్‌ఎస్‌ఏ ఆ తేడా మీదే నిలబడింది. 1977లో సవాలుగా విడుదల చేసిన 129 అంకెల సంఖ్య 1994లో గానీ విడిపోలేదు. 250 అంకెల సవాలు సంఖ్యను 2020లో విడగొట్టారు. అవి సంయుక్త సంఖ్యలని మాత్రం మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు. ఆ రెండు ప్రధాన సంఖ్యలనూ మరీ దగ్గరగా ఎంచుకుంటే, వర్గాల తేడాగా రాసే దాదాపు నాలుగు వందల ఏళ్ల నాటి ఫెర్మా పద్ధతే వాటిని బయటపెట్టేస్తుంది.

## కంప్యూటర్‌తో చేసేటప్పుడు

ఎక్సెల్‌లో పెద్ద సంఖ్య కొడితే చివరి అంకెలు సున్నాలవుతున్నాయి, ఎందుకు?

ఎక్సెల్ 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. పదహారో అంకె నుంచి సున్నా వేసేస్తుంది. భాజనీయత చూసేవారికి ఇది ప్రమాదం, ఎందుకంటే సరి–బేసి కూడా మారిపోవచ్చు. గడిని పాఠ్యంగా మార్చి కొడితే అంకెలు నిలుస్తాయి కానీ లెక్కలు చేయడం కుదరదు. ఎన్ని అంకెలైనా పూర్తిగా పట్టే పైథాన్ వంటి భాష వాడండి.

రెండు ధన సంఖ్యలు గుణిస్తే జావాలో రుణ సంఖ్య వచ్చింది. ఇదెలా సాధ్యం?

జావాలో మామూలు పూర్ణాంక రకం 2,14,74,83,647 వరకే పడుతుంది. (ఇది 2³¹ − 1. ప్రధాన సంఖ్య కూడా, 1772లో ఆయిలర్ తేల్చారు.) 12,34,56,789ని 18తో గుణిస్తే రావాల్సింది 2,22,22,22,202. అది హద్దు దాటింది కాబట్టి 4,29,49,67,296 తగ్గిపోయి −2,07,27,45,094 కనిపిస్తుంది. హెచ్చరిక ఏదీ రాదు. గుణకారానికి ముందే సంఖ్యలను ఇంకా పెద్ద విలువలు పట్టే లాంగ్ రకంలోకి మార్చండి. గుణించాక మార్చితే అప్పటికే చెడిన విలువ అలాగే లాంగ్‌లోకి వస్తుంది.